చేనిగట్టు బాటకు జరిగిన మేలు

మనుషులు ఇన్ని వేల ఏళ్లుగా ఎవరినీ అడక్కుండా నడుస్తూ వచ్చారన్నది నాగరికతకు పెద్ద మచ్చ. ఆ మచ్చ తుడవడానికి కంకణం కట్టుకుని పుట్టినదే గ్రామీణ పాదమార్గాల సవరణ శాఖ. శాఖ పుట్టకముందు దారులు ఎలా పుట్టేవో తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. ఒకడు నడిచేవాడు. వాడి వెనకాల ఇంకొకడు నడిచేవాడు. కొన్నాళ్లకు గడ్డి చచ్చేది. అంతే, దారి! దరఖాస్తు లేదు, కొలత లేదు, అభ్యంతరాలకు గడువు లేదు. (గడ్డి అభిప్రాయం కూడా ఎవరూ అడిగిన పాపాన పోలేదు.)

అలా అక్రమంగా పుట్టిన దారుల్లో చేనిగట్టు బాట ఒకటి. ఇటు ఒక చిన్న పల్లె, అటు పెద్ద రోడ్డు, మధ్యలో పొలాలు. పల్లె చివర బయలుదేరి గట్టు పట్టుకుని తిన్నగా నడిస్తే రోడ్డు వస్తుంది. రోడ్డు మీద బస్సు ఆగుతుంది. రోడ్డవతల ఆస్పత్రి ఉంది. బాట సగంలో ఒక బల్లపరుపు రాయి ఉంది. ఆయాసం వచ్చినవాళ్లు దాని మీద కూర్చుని, ఊపిరి తీసుకుని, మళ్లీ లేచేవారు. పల్లె నుంచి రోడ్డుకు ఇంకో తోవ లేదని కాదు. క్వారీ చుట్టూ తిరిగి, వాగు మీది లోతట్టు వంతెన దాటి పోయే బండ్ల దారి ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్నవాడు ఆ దారిన ఆస్పత్రికి బయలుదేరితే, చేరేసరికి ఆస్పత్రి అవసరం నిజంగానే పడుతుంది.

బాటను తెగ వాడేస్తూ వచ్చిన నేరస్థుల్లో ముఖ్యులు ఒక భార్యాభర్తలు. భార్య దర్జీ పని చేస్తుంది; పల్లెలో ఎవరి ఒంటి మీద బట్ట చూసినా ఆమె కుట్టే. భర్త ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసిన పెయింటరు. కిడ్నీలు చెయ్యిచ్చాక కుంచె పక్కన పెట్టాడు. రోజు విడిచి రోజు ఆస్పత్రికి వెళ్లి డయాలసిస్ చేయించుకోకపోతే మనిషి నిలవడు. ఆమె ఒక చేత్తో ఆయన్ను, ఒక చేత్తో సంచీని పట్టుకుని గట్టు మీద నడిపించేది. రాయి దగ్గర ఆయన కూర్చునేవాడు. కూర్చుని, రోడ్డు పక్కన కనిపించే బోర్డులన్నింటినీ వరసపెట్టి తిట్టేవాడు. ("ఆ 'థ' చూడవే, చుక్క ఎక్కడ పెట్టాడో! మనిషన్నవాడు రాసేదేనా అది?") తిట్టడం అయ్యాక ఓపిక వచ్చేది. లేచేవాడు.

వీళ్లను మనమూ అత్త, మామయ్య అనే పిలుద్దాం. ఎందుకంటే ఆ ప్రాంతపు మార్గ సవరణ అధికారికి ఆమె స్వయానా మేనత్త. తల్లి పోయిన పసివాణ్ణి తెచ్చుకుని, కుట్టుమిషను పక్కనే గుడ్డపీలికల మీద పడుకోబెట్టి పెంచింది. మిషను తొక్కితే నిద్రపోయేవాడట, ఆపితే ఏడ్చేవాడట. ఆ చేనిగట్టు మీదే బడికి వెళ్లి, పరీక్షలు రాసి, దారులను సవరించే అధికారి అయ్యాడు. (ఈ సంగతులేవీ ఫైల్లో లేవు. ఫైల్లో లేనివి గుర్తుపెట్టుకోవడం సర్వీసు నిబంధనలకు విరుద్ధం.)

అంతా ఇలా అస్తవ్యస్తంగా, అంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా, సాగిపోతున్న రోజుల్లో ఆ పొలాలను ఒక నగరవాసి కొన్నాడు. కొని, బాట మాత్రం వదిలి చుట్టూ కంచె వేసి, అక్కడ 'నెమ్మది' అనే విడిది కట్టాడు. పట్నంలో పరుగెత్తి పరుగెత్తి అలిసిన కలవాళ్లు వచ్చి, పల్లెవాళ్లు ఊరికే చేసే పనులను ముందుగా బుక్ చేసుకుని చేసే చోటు అది. తెల్లవారుజామున లేవడం, చెట్టు కింద కూర్చోవడం, ఏమీ తోచకపోవడం వగైరాలకు విడివిడిగా ప్యాకేజీలున్నాయి. వీటన్నింటిలోకీ అతిథులు మనసు పడ్డది 'పొలాల నడుమ కాలినడక'. చిక్కల్లా ఏమిటంటే, ఆ కాలిబాట మీద మనుషులు కాలినడకన పోతున్నారు. ఒకడు ఫోన్లో అరుస్తూ పోతాడు. ఒకామె నెత్తిన మూటతో పోతుంది. ఒక పెద్దాయన రాయి మీద కూర్చుని బోర్డులను తిడతాడు. ప్రశాంతత కోసం అంత దూరం వచ్చిన అతిథి ఏమైపోవాలి?

యజమాని సవరణకు దరఖాస్తు పెట్టాడు.

శాఖ గుడ్డిగా ఏ పనీ చెయ్యదు. బాటను అసలు ఎందరు వాడుతున్నారో తేల్చడానికి ముందుగా వాడుక సర్వే చేపట్టింది. సర్వేకు మనుషులు అడ్డు రాకుండా బాటకు రెండు కొసలా గేట్లు పెట్టి తాళాలు వేసింది. లోపల ఒక సర్వేయరు గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే అత్త మామయ్యను తీసుకొచ్చి గేటు ముందు నిలబడింది.

"ఇదిగో నాయనా, తాళం తియ్యి. ఆస్పత్రికి వెళ్లాలి."

"సర్వే నడుస్తోందమ్మా. ఈ బాటను ఎంతమంది వాడుతున్నారో లెక్క తీస్తున్నాం."

"మేమిద్దరం వాడుతున్నాం. రాసుకో."

"మీరు గేటు బయట ఉన్నారు కదా. బాట మీద ఉన్నవాళ్లనే రాయాలి."

"తాళం తీస్తే బాట మీదే ఉంటాం."

"తీస్తే సర్వే చెడిపోతుందమ్మా," అన్నాడు సర్వేయరు. మర్యాదస్తుడు, కుర్చీలోంచి లేచి మరీ చెప్పాడు.

మామయ్య ఇవేవీ వినడం లేదు. గేటుకు తగిలించిన బోర్డు వైపే చూస్తున్నాడు. "'తాత్కాలికంగా' అని రాయడం చేతకాక 'తాతాలికంగా' మూసేశామని రాశాడే వీడు," అన్నాడు భార్యతో. "అంటే నాబోటి తాతల కోసమే మూశారన్నమాట."

ఆ రోజు వాళ్లు క్వారీ చుట్టూ తిరిగి వెళ్లారు. మామయ్య ఎక్కడపడితే అక్కడ కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేసరికి ఆయన డయాలసిస్ మిషను మీద ఇంకెవరో ఉన్నారు. "టైముకి రాకపోతే నేనేం చేసేదమ్మా?" అని నర్సు విసుక్కుంది. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుంటే ఖాళీ అయింది.

సర్వే ఫలితం చూసి శాఖే నివ్వెరపోయింది. సర్వే జరిగినన్నాళ్లూ బాటను వాడినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. (సర్వేయరు కుర్చీ దాకా నడిచి వచ్చేవాడు గానీ, విధినిర్వహణలో ఉన్నాడు కనుక అది నడక కిందికి రాదు.) పల్లెవాళ్లు ఇంతకాలం ఆ బాటను వాడుతున్నట్టు నటించారా అన్న అనుమానం కూడా శాఖకు కలిగిందట. పెద్దమనసుతో దాని మీద విచారణ వెయ్యలేదు.

బాటను సవరించదలచినట్టూ, అభ్యంతరాలున్నవారు వచ్చి చెప్పుకోవచ్చనీ నోటీసు అంటించారు. బాట వాడేవాళ్లకు కనిపించాలి కనుక గేటుకు లోపలివైపు అంటించారు. చదవాలంటే గేటు దాటాలి. దాటితే నేరం. అయితే కాగితం పల్చన కావడంతో ఎండ పడినప్పుడు అక్షరాలు తిరగబడి ఇవతలికి కనిపించాయి. పల్లెలో సెలూన్ నడిపే ఆయన పొద్దస్తమానం అద్దంలో చూసే మనిషి. తిరగేసి గడగడా చదివేశాడు. లేకపోతే ప్రజాభిప్రాయ సేకరణ ప్రజల బెడద లేకుండా చక్కగా ముగిసి ఉండేది.

విచారణ శాఖ కార్యాలయం పైఅంతస్తులో జరిగింది. ఆ భవనంలో లిఫ్టు చెడిపోయి చాలాకాలమైంది. (నడక మీద శాఖకున్న నమ్మకం అలాంటిది.) పల్లె జనం బండ్ల దారంతా తిరిగి, బస్సెక్కి, మెట్లెక్కి, రొప్పుతూ వచ్చి బల్లల మీద కూలబడ్డారు. ఎదురుగా వేదిక మీద సవరణ అధికారి. ఆయనకు ఒక పక్క, ఎవరేం మాట్లాడినా ఒక్క ముక్క పోకుండా టైపు కొట్టే గుమాస్తా. మరో పక్క మెత్తటి కుర్చీలో విడిది యజమాని.

ముందుగా అత్త లేచింది.

"ఏరా చంటీ, అన్నం తిన్నావా? మొహం అలా పీక్కుపోయిందేమిటి?"

గుమాస్తా టకటకా కొట్టాడు: 'అభ్యంతరదారు అధికారి భోజనం గురించి విచారించారు.'

"అభ్యంతరదారు గారు బాట గురించి మాత్రమే మాట్లాడాలి," అన్నాడు అధికారి, బల్ల మీది పేపర్‌వెయిట్ వైపు చూస్తూ.

"ఆ గారెవర్రా?"

"మీరేనండి."

వాడి నోట అత్తకు 'అండి' తగలడం అదే మొదలు. చీర కొంగు సర్దుకుని, నిటారుగా నిలబడింది.

"సరేనండి. మీ మామయ్యగారు రోజు విడిచి రోజు ఆస్పత్రికి వెళ్లకపోతే బతకరండి. ఆ బాట మూస్తే ఆయన వెళ్లలేరండి. నేను చెప్పుకునేది ఇంతేనండి."

హాల్లో ఎవరో ముక్కు చీదారు. యజమాని గడియారం చూసుకున్నాడు. అధికారి గొంతు సవరించుకున్నాడు. (గొంతు సవరణకు ముందస్తు నోటీసు అక్కర్లేదు.)

"నిబంధనల ప్రకారం విచారణాధికారి బంధువులు చెప్పే అభ్యంతరాలు చెల్లవు. పక్షపాతం కిందికి వస్తుంది."

"అయితే నేను చెప్తాను," అంటూ సెలూన్ ఆయన లేచాడు. "నేను నీకు చుట్టాన్నీ కాదు, పక్కాన్నీ కాదు."

"చిన్నప్పటినుంచీ మిమ్మల్ని బాబాయ్ అని పిలిచాను కదండీ."

"పిలుపుదేముందిరా అబ్బాయ్!"

"అబ్బాయ్ అన్నారు. రాసుకోండి," అన్నాడు అధికారి గుమాస్తాతో.

బంధువంటే ఎవరో నిబంధనల్లో స్పష్టంగానే ఉంది: వరస పెట్టి పిలిచేవాడూ, పిలిపించుకునేవాడూ. పల్లెలో వరస లేని మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఒకాయన పెదనాన్న, ఒకామె పిన్ని, ఇంకొకామె వదిన. ఎవరో సరిగ్గా తెలియని వాళ్లంతా అన్నయ్యలు. ఒక్కొక్కరే లేవడం, వరస తేలగానే ఒక్కొక్కరే కూర్చోవడం. చివరికి రిటైరైన పంతులమ్మ లేచింది. ఆవిడ ఎక్కడినుంచో ఉద్యోగానికి వచ్చి అక్కడే ఉండిపోయిన మనిషి. ఎవరికీ ఏమీ కాదు. జనం ఊపిరి బిగబట్టారు.

"టీచరుగారు నాకు పాఠం చెప్పేటప్పుడు," అన్నాడు అధికారి, పాపం నిజంగానే బాధపడుతూ, "'ఏరా నాన్నా' అని పిలిచేవారు."

గుమాస్తా టైపు ఆపి ఆలోచించాడు. "అంటే సార్, మీరు ఆవిడకు తండ్రి వరస అవుతారు."

పంతులమ్మ అభ్యంతరాన్ని కూతురి అభ్యంతరంగా పరిగణించి కొట్టివేశారు.

హాలు మొత్తంలో అధికారిని ఏ వరసా కలపకుండా 'సార్' అని పిలిచిన ఏకైక పౌరుడు విడిది యజమాని. ఆయన వాదన ఎటువంటి పక్షపాతమూ లేనిదిగా రికార్డుకెక్కింది.

మెట్లు దిగుతుంటే అధికారి వెనకాల గబగబా వచ్చి అత్త చెయ్యి పట్టుకున్నాడు. మెట్ల మీద గుమాస్తా లేడు గనుక 'అండి' కూడా లేదు.

"అత్తా, నేను కాకపోతే ఇంకోడు సంతకం పెడతాడు. పైనుంచి ఒత్తిడి. నా చేతుల్లో ఏమీ లేదత్తా."

"నీ చేతిలో నా చెయ్యుందిరా," అంది అత్త. "అది వదిలెయ్. మీ మామయ్యను పట్టుకోవాలి."

ఉత్తర్వు వచ్చింది. బాటను మూసెయ్యలేదు. (మూసివేత అన్న మాటే శాఖ వాడదు.) బాట స్థాయి పెంచారు. ఇంతకాలం నలుగురూ తొక్కే మామూలు కాలిబాటగా బతుకీడుస్తున్న దాన్ని 'అనుభవ మార్గం'గా ప్రకటించి, నిర్వహణ భారం నెమ్మది విడిదికి అప్పగించారు. ప్రజలకు అన్యాయం జరగకూడదు కనుక వాళ్లకు బదులుగా బండ్ల దారిని ఇచ్చారు. అది ముందునుంచీ ప్రజలదే కదా అని కొందరు గొణిగారు. ఇప్పుడు అధికారికంగా వాళ్లదైంది. పైగా అది బాటకంటే ఎన్నో రెట్లు పొడవు. ఇంత పొట్టి దారి తీసుకుని అంత పొడుగు దారి ఇచ్చిన శాఖ ఇంకోటి ఎక్కడైనా ఉందా?

ఆ అదనపు పొడవంతా మామయ్య కాళ్ల మీద పడింది. ఒకసారి వెళ్లగలిగితే ఇంకోసారి వెళ్లలేకపోయేవాడు. పాదాలు వాచాయి, చెప్పులు పట్టడం మానేశాయి. అత్త వచ్చిన కుట్టుపనల్లా ఒప్పుకుని ఆటో పిలిచేది. ఆటోవాడు వాగు దాకా వచ్చి, వంతెన మీది నీళ్లు చూసి, "ఇంజన్లోకి పోతాయమ్మా" అని వెనక్కి తిప్పేవాడు.

ఇంతలో అక్కడ విడిదిలో ఎవరూ ఊహించని కష్టం వచ్చిపడింది. ఏకాంతం కావాలని వచ్చిన అతిథులకు ఏకాంతం బోరు కొట్టింది. 'పల్లె అన్నారు, పల్లెటూరి వాళ్లేరీ?' అని ఒకరు రాశారు. 'గట్టు ఉంది, గడ్డి ఉంది, జీవం లేదు' అని ఇంకొకరు రాశారు. యజమాని దూరదృష్టి గలవాడు. జీవాన్ని జీతానికి పెట్టుకోవాలని నిర్ణయించాడు.

విడిదిలో అతిథుల అనుభవాలను పర్యవేక్షించే అమ్మాయి ఒకతె అత్త ఇంటికి వచ్చింది. అత్త మిషను మీద కూర్చుని ఉంది. మామయ్య పక్కనే మంచం మీద కాళ్లు దిండు మీద పెట్టుకుని ఉన్నాడు.

"మీరేం చెయ్యక్కర్లేదమ్మా. నడవాలి, అంతే."

"ఎక్కడ?"

"గట్టు మీద."

అత్త నోట్లో ఉన్న సూది తీసింది. "ఇన్నేళ్లూ అదే చేశాను కదమ్మా. మీరే వద్దన్నారు."

"అది ఊరికే నడవడం. ఇది ఉద్యోగం."

"మా ఆయన్ను కూడా తెచ్చుకోవచ్చా?"

ఆ అమ్మాయి మామయ్యను పైనుంచి కిందికి చూసింది. మాసిన గడ్డం, చేతికర్ర, గుంతలు పడిన కళ్లు. "అద్భుతం," అంది. "ఇలాగే ఉండనివ్వండి. గడ్డం మాత్రం గీయించకండి."

"రోడ్డు దాకా నడవాలా?"

"అయ్యో, వద్దు! సగంలో రాయి ఉంది చూడండి, అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగిపోవాలి. అవతల దిగితే వాడుక కిందికి వస్తుందట. లీగల్‌గా ఇబ్బంది."

"అంటే నడవచ్చు గానీ చేరకూడదు."

"కరెక్టుగా చెప్పారు!" అంది ఆ అమ్మాయి సంబరంగా.

అత్త కాసేపు మంచం వైపు చూసి, "ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగింది.

మర్నాడు ఆస్పత్రి రోజు. అత్త మామయ్యకు ఉతికిన చొక్కా తొడిగి, సంచీలో ఆస్పత్రి కాగితాలూ, దుప్పటీ పెట్టుకుని బయలుదేరింది. సంచీ చాలా సహజంగా ఉందని అమ్మాయి మెచ్చుకుంది. గేటు తీశారు. ముందు వీళ్లిద్దరూ, కాస్త ఎడంగా టోపీలూ కెమెరాలతో అతిథులు. రాయి చేరగానే మామయ్య అలవాటుగా కూర్చున్నాడు. కూర్చోగానే రోడ్డు పక్క బోర్డుల మీద కళ్లు పడ్డాయి. ఎన్నాళ్ల తిట్లో పేరుకుపోయి ఉన్నాయేమో, ఊపిరాడక మధ్యమధ్య ఆగుతూ, తనివితీరా తిట్టాడు. అతిథులు మైమరిచి విన్నారు.

అమ్మాయి వెనక్కి తిరగమని సైగ చేసింది. అత్త మామయ్యను లేవదీసింది. లేవదీసి, రోడ్డు వైపు నడిపించింది.

"అమ్మా! వెనక్కి! వెనక్కి తిరగండి!" అని అమ్మాయి అతిథులకు వినబడకుండా పళ్లు బిగబట్టి అరిచింది.

"వెనక్కి తిరిగితే ఆయనకు కళ్లు తిరుగుతాయమ్మా," అంది అత్త, ఆగకుండా.

ఇదీ ప్యాకేజీలో భాగమే అనుకుని అతిథులు వెంటబడ్డారు. రోడ్డు గేటు దగ్గర కాపలాదారు టోపీలను చూసి సెల్యూట్ కొట్టి తలుపు తీశాడు. ఊరేగింపు రోడ్డు దాటింది, ఆస్పత్రిలో దూరింది. "ఒక్క పేషెంటుకు ఇంతమందేమిటి? మనవలూ మనవరాళ్లా?" అని నర్సు గదిమితే అందరూ గోడవార బెంచీ మీద ఒద్దికగా కూర్చున్నారు. మామయ్య వాచిన చేతిలో సూది దిగుతుంటే ఒకతను మొహం తిప్పుకున్నాడు. ఒక పెద్దావిడ మాత్రం చూస్తూనే ఉంది. చాలాసేపటికి అత్తను అడిగింది.

"రోజూ ఇలాగే వస్తారా?"

"వచ్చేవాళ్లం," అంది అత్త.

ఆవిడ మిషను ఆగేదాకా మామయ్య కళ్లజోడు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

విషయం తెలిసి యజమాని మండిపడ్డాడు. అత్తను పనిలోంచి తీసేశాడు, కేసు పెడతానన్నాడు. ఆ సాయంత్రం అతిథులు రాసిన అభిప్రాయాలు చదివాడు. 'ఇంత వాస్తవమైన అనుభవం జీవితంలో ఎరగం', 'చివర్లో ఆస్పత్రి పెట్టడం గొప్ప ఆలోచన', 'ముసలాయనకు జాతీయ స్థాయి గుర్తింపు రావాలి'. కోపం దిగిపోయింది. అత్తను తిరిగి పనిలోకి మాత్రం తీసుకోలేదు. జీతం ఇవ్వకుండానే పల్లెవాళ్లు గట్టు మీద నడిచే ఉపాయం ఆయనకు తట్టింది. రెండో సవరణకు దరఖాస్తు పెట్టాడు. మొదటిదానికి నెలలు తీసుకున్న శాఖ దీన్ని చిటికెలో తేల్చింది. (ఈసారి వాడుక సర్వే అక్కర్లేకపోయింది. వాడేవాళ్లు లేరని ముందే రుజువైంది కదా.)

సవరణ ఇది: అనుభవ మార్గం మీద విడిది అతిథి తోడు ఉన్న గ్రామస్థుడు ఎవరైనా నడవవచ్చు, రోడ్డు దాకా చేరవచ్చు కూడా. తోడు లేనివాడు గేటు లోపల కాలు పెట్టకూడదు.

పల్లె మళ్లీ తెరిపిన పడిందని పత్రికా ప్రకటన వచ్చింది. ఆ రోజు నుంచి పొద్దున్నే గేటు దగ్గర జనం బారులు తీరి నిలబడేవారు. అతిథులు ఫలహారాలు ముగించుకుని, తీరిగ్గా వచ్చి, తమకు నచ్చినవాళ్లను ఎంచుకునేవారు. సెలూన్ ఆయన ఇస్త్రీ ప్యాంటు వేసుకుని వస్తాడు కనుక ఎవరికీ నచ్చేవాడు కాదు. దువ్వెనలూ బ్లేడ్లూ తెచ్చుకోలేక షాపు సగం రోజులు మూసేవాడు. కాలేజీకి వెళ్లే అమ్మాయి ఫోను సంచీలో దాచి, నెత్తిన బిందె పెట్టుకుని నిలబడేది. (ఖాళీ బిందె. వాళ్లింట్లో కుళాయి ఉంది.) పంతులమ్మకు గిరాకీ బాగానే ఉండేది గానీ, మూడో రోజు ఒక అతిథి 'ఏదైనా జానపదం పాడండి' అని అడిగేసరికి ఆవిడ ఇంటికి వెళ్లిపోయి మళ్లీ రాలేదు.

అందరికంటే ఎక్కువ డిమాండ్ మామయ్యకే. ఆ మాటకొస్తే అదీ ఒక కష్టమే. ఒకరు రాయి మీద కూర్చోబెట్టి ఫొటో తీస్తే, ఇంకొకరు గట్టు దిగి సీతాకోకచిలుక వెనక పోయేవారు. వాళ్లు తిరిగొచ్చేదాకా వీళ్లు కదలకూడదు. కదిలితే తోడు లేనట్టు. ఎలాగో రోడ్డెక్కేవారు. మిషను టైముకు కాస్త అటూ ఇటుగా అందేది. ఇంతకంటే ఏం కావాలి అనుకునే స్థితికి వచ్చింది అత్త.

అప్పుడు ముసురు పట్టింది. వాగు వంతెన మీదికెక్కి పారింది. అతిథులు గదుల్లోంచి బయటికి రాలేదు. (కిటికీలోంచి వాన చూడటం వేరే ప్యాకేజీ.) ఒక ఆస్పత్రి రోజు తప్పింది. రెండోది వచ్చేసరికి మామయ్య పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే తల నిలవదు. అత్త ఆయన్ను తోపుడుబండి మీద గేటు దాకా తెచ్చి, గొడుగు పట్టుకుని నిలబడి, ఫోను చేసింది.

"చంటీ, ఒక్క అతిథిని పంపించరా. ఎవరైనా సరే."

సవరణ అధికారి జీపులో రోడ్డు గేటు దగ్గరికి వచ్చేశాడు. కాపలాదారు గౌరవంగా నిలబడ్డాడే గానీ తలుపు తియ్యలేదు.

"తియ్యి. నేనెవరో తెలుసుగా?"

"తెలుసు సార్. మీరు అతిథి కాదు కదా సార్. మీ ఉత్తర్వే సార్ ఇది."

కాపలాదారు ఎగతాళి చెయ్యడం లేదు. అతనికి ఉద్యోగం ఆ పల్లెవాళ్లను ఆపడానికే ఇచ్చారు, నిష్ఠగా ఆపుతున్నాడు. గేటు కమ్మీల సందుల్లోంచి చూస్తే పొలానికి అవతలి కొసన నల్లటి గొడుగు, దాని కింద బండి మీద వంగిపోయిన మనిషి. పిలిస్తే వినబడేంత దూరం. అధికారి కాసేపు కమ్మీలు పట్టుకుని వానలో నిలబడ్డాడు. తర్వాత పక్కనే ఉన్న విడిది ఆఫీసులోకి వెళ్లి, తడి చేత్తో పర్సు తీసి, ఒక గది తీసుకున్నాడు.

"ఏ ప్యాకేజీ సార్?"

"నడక."

"వానలో నడక చాలా ప్రత్యేకం సార్. గొడుగు మా తరఫున ఉచితం."

గొడుగు తీసుకోకుండానే పరుగెత్తాడు. బురద గట్టు మీద జారుతూ అవతలికి చేరి, గేటు తీయించి, మామయ్యను వీపు మీదికి ఎత్తుకున్నాడు. నీరు పట్టిన ఒళ్లు, రాయిలా బరువు. అత్త వెనకాల గొడుగు పట్టుకుని నడిచింది. వాన ముగ్గురి మీదా సమానంగా కురిసింది. మామయ్య బోర్డుల వైపు చూడనే లేదు.

మిషను తిరగడం మొదలయ్యాక, మామయ్య మొహంలోకి కాస్త కళ వచ్చాక, అత్త తన కొంగుతో మేనల్లుడి తల తుడిచింది.

"ఎల్లుండి మళ్లీ రావాలిరా," అంది. "ఎల్లుండి కూడా గది తీసుకుంటావా?"

వాడు తన బూట్ల మీది బురద వైపు చూస్తూ కూర్చున్నాడు. "ఏదో ఒకటి చేస్తానత్తా," అన్నాడు చివరికి.

చేశాడు. ఇంతదాకా అతన్ని దెప్పుతూ వచ్చిన ఈ రచయిత కూడా ఆ మాట ఒప్పుకోవాలి. ఉత్తర్వును రద్దు చేసే అధికారం అతనికే ఉంది. ఒక్క సంతకం చాలు. కానీ రద్దు చేస్తే మొదట చేసింది తప్పని తేలుతుంది. శాఖ చరిత్రలో అలాంటి దుర్ఘటన ఇంతవరకు జరగలేదు. అందుచేత అతను ఇంటికి కూడా పోకుండా ఆఫీసులోనే కూర్చుని, బుర్ర బద్దలు కొట్టుకుని, కన్నీళ్లు తుడుచుకుంటూ (గుమాస్తా చూశాడు) ఒక ప్రతిపాదన తయారుచేశాడు. పై అధికారులు దాన్ని చదివి, మానవీయ కోణం ఉట్టిపడుతోందని మెచ్చుకుని, వెంటనే ఆమోదించారు.

దాని ప్రకారం ప్రభుత్వమే ఒక అతిథిని నియమిస్తుంది. శాశ్వత ఉద్యోగం. నెమ్మది విడిదిలో నివాసం ఉండి, చికిత్స రోజుల్లో రోగులకు తోడుగా గట్టు మీద నడవడం విధి. అభ్యర్థి నగరంలో పుట్టి పెరిగినవాడై ఉండాలి, పల్లెతో ఎటువంటి సంబంధమూ ఉండకూడదు, ప్రకృతిని చూసి ఆశ్చర్యపోవడంలో అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. ప్రకటన వెలువడింది. దరఖాస్తులు, రాతపరీక్ష, నడక పరీక్ష, ధ్రువపత్రాల పరిశీలన పూర్తయ్యాక నియామకం ఉంటుంది.

అప్పటిదాకా కాస్త ఓపిక పట్టమని మామయ్య కిడ్నీలకు నచ్చజెప్పే బాధ్యతను శాఖ అత్తకు అప్పగించింది.